విప్పిన వరస

ఆ వీధిలో ఆ ఇంటి ఆడవాళ్ళిద్దరి అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. అత్తగారు పెద్దసూది, కోడలు చిన్నసూది. బొంతలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా మెట్ల దగ్గర నిలబడి, "పెద్దసూదిగారున్నారా?" అనే కేకేసేవారు. "ఉంది, మొన ఇంకా విరగలేదు, పైకి రండి" అని పైనుంచి జవాబొచ్చేది.

పక్షవాతం వచ్చాక ఆ జవాబు రావడం మానేసింది.

వచ్చింది ఎడమవైపు. "పోనీలే, కుడిచెయ్యి మిగిలింది, అదృష్టవంతురాలు" అన్నారు చూడటానికొచ్చినవాళ్ళు. పెద్దసూదిది పుట్టుకతో ఎడమచేతి వాటమని వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు మంచం కోళ్ళవైపు చూస్తూ కూర్చుని వెళ్ళిపోయారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మాట చక్కబడింది. కర్ర పట్టుకుని గదిలోంచి గదిలోకి నడవగలుగుతోంది. వేళ్ళు కాస్త ఆడుతున్నా, ఎడమచెయ్యి మాత్రం ఎవరో తెచ్చి ఆవిడ ఒళ్ళో మరిచిపోయిన వస్తువులా పడి ఉండేది. వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ నొక్కమంది. పెద్దసూది దాన్ని కుడిచేత్తో అందుకుని కిటికీలోంచి బయటికి విసిరేసింది. అది వెళ్ళి కిందింటి పిన్నిగారి పూలకుండీలో పడి మొక్క విరిగింది. పిన్నిగారు ఆయాసపడుతూ పైకొచ్చి, "విసురు చూస్తే ఇంకో తరం బతికేట్టున్నావు, నాకే ఢోకా" అనేసి వెళ్ళింది.

అసలు ఢోకా తిండి దగ్గర వచ్చింది. "పనికిరాని చేతికి తిండెందుకే, దండగ" అంటూ పెద్దసూది పళ్ళేన్ని పక్కకి జరిపేసేది. మొండితనం కాదు, నిజంగానే సహించేది కాదు. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పనినుంచి రాగానే చేతుల జిడ్డు కడుక్కుని తల్లి పక్కన కూర్చుని, చెంచాతో తినిపించబోయేవాడు. "నాకు గ్యాస్ అయిపోయిందిరా, నింపినా నిలవదు" అని ఆవిడ అతని మాటే అతనికి అప్పజెప్పేది. డాక్టరు చిన్నసూదిని పక్కకి పిలిచి, "ఇలాగే అయితే మందులు కూడా ఏమీ చేయలేవమ్మా. ఆవిడకి బతకాలనిపించాలి" అన్నాడు. ఎలా అనిపించాలో చెప్పలేదు.

చిన్నసూది ఆ మర్నాడు ముందుగదిలో కిటికీ దగ్గర చట్రం వేసింది. దాని మీద మందులషాపావిడ బొంత బిగించింది. ఆవిడ తన కవలపిల్లలు పెరిగి విడిచేసిన గౌన్లన్నీ ఇస్తే, జబ్బుపడక ముందే పెద్దసూది వాటిని ముక్కలు కోసి, అతికి, పైగుడ్డ తయారుచేసి పెట్టింది. అడుగున గుడ్డ, మధ్యలో దూదిపొర, పైన ఆ అతుకులగుడ్డ. ఈ మూడింటినీ కలిపి పట్టే సన్నటి కుట్లు, వరస తరవాత వరస, వేయడమే మిగిలింది. చిన్నసూది ఒక సూదిలో దారం ఎక్కించి, చట్రానికి ఎడమ చివర గుచ్చి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉల్లిపాయలు కోస్తున్నంతసేపూ చెవులు ముందుగదిలోనే ఉన్నాయి. మొదట కర్ర చప్పుడు. తరవాత కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం పెద్దసూది పళ్ళెం ఖాళీ చేసి, "ఉప్పు తక్కువైంది" అంది. చిన్నసూది వంటింటి తలుపు చాటుకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎడమచేత్తోనే వేసిన ఆ కుట్టు చూస్తే మాత్రం గుండె జారిపోయింది. ఒక కుట్టు చీమంత, దాని పక్కది చిటికెనవేలంత. వరస గుర్తుకి గీసిన సుద్దగీతని వదిలేసి పక్క ముక్కలోకి పోయింది. దారం ఒకచోట బిగిసి గుడ్డ ముడతపడింది, ఇంకోచోట ఉచ్చులా వేలాడింది. ఇలాంటి బొంత ఆ ఇంటి గడప దాటితే, పెద్దసూది పనిని ఎరిగినవాళ్ళు జాలిపడతారు. ఆ జాలి ఆవిడ చెవిన పడితే చాలు, మళ్ళీ పళ్ళెం పక్కకి జరుగుతుంది.

అందుకని చిన్నసూది ఆ పనికి దిగింది. భోజనం తరవాత మందు మత్తుకి అత్తగారు లోపలిగదిలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. అప్పుడు చట్రం కిందికి వంగి, అడుగునుంచే కుట్లు తెంపి, ఆ పొద్దున వేసిన వరస మొత్తం విప్పేసేది. విప్పిన చోటే మళ్ళీ కుట్టేది. తనది కుడిచేతి వాటం కనక ఇటుపక్కనుంచి కుడితే ముడి కుడిచివర పడుతుంది. అత్తగారి ముడి ఎప్పుడూ ఎడమచివర. ఆ తేడా తెలియకుండా, గోడకీ చట్రానికీ మధ్య సందులోకి దూరి, అటుపక్కనుంచి కుట్టేది. తన కుట్టుకన్నా ఒక పిసరు పెద్దగా, అత్తగారు మంచిరోజుల్లో వేసినంత పొడుగే వేసేది. ఇంకొకరి సంతకం దొంగతనంగా పెడుతున్నట్టుండేది. పని కాగానే విప్పిన దారాలు తూములో పడేసి, ఆ భాగాన్ని చట్రం కర్రకి చుట్టేసి, కొత్త భాగం ముందుకి తెచ్చి ఉంచేది. చుట్టలోకి వెళ్ళిన వరసల్ని మళ్ళీ ఎవరూ చూడరు.

పెద్దసూది చూడాలనుకోలేదు. "ముందు చెయ్యి తిరగనీ. చివర్లో చుట్టంతా విప్పి, బాగాలేనివన్నీ నేనే తీసి కుడతా" అనేది. రోజూ భోజనం దగ్గర, "చూశావుటే ఇవాళ్టిది?" అని అడిగేది. "చూశాను అత్తయ్యా, బావుంది" అనేది చిన్నసూది, గరిటె ఆపకుండానే.

ఇదంతా చేస్తూ ఇంటిపని ఆగేదా? చిన్నసూది ఇల్లు ఎలా ఉంచుతుందో వీధంతా చెప్పుకునేది. గుడ్డల బీరువాలో ముక్కలన్నీ ఒకే వెడల్పున మడతపెట్టి, రంగు పక్కన దానికి దగ్గరి రంగు పేర్చి ఉంటాయి. మడత అంచులన్నీ కుడివైపే ఉండాలి. వంటింట్లో డబ్బాల మూతలు కూడా ఒకే వైపు తిరిగి ఉంటాయి. "ఈ ఇంట్లో నేనొక్కణ్ణే సరిగ్గా మడతపడనివాణ్ణి" అనేవాడు భర్త. ఇప్పుడు పైకి బీరువా అలాగే ఉంది గాని, దాన్ని అలా ఉంచే మనిషికి కూర్చుని తినే తీరిక లేదు. పొద్దున వంట, అత్తగారికి స్నానం, బట్టలు, మధ్యాహ్నం విప్పుడు, కుట్టుడు, మళ్ళీ వంట. మెడనరం పట్టేసి తల ఒకవైపుకే తిరిగేది. అయినా అత్తగారి బుగ్గల్లోకి కాస్త నెత్తురొస్తోంది. అది చూసుకుని లాక్కొచ్చింది.

ఆ రోజు పొద్దున్నే వంటింటి తూము పూడుకుపోయింది. గిన్నెలు తోమిన నీళ్ళన్నీ వెనక్కి తన్ని, నేలంతా జిడ్డు. పైపుల మేస్త్రీకి కబురుపెట్టి, ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కోడిగుడ్ల కూర ఎక్కించి, మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంది. ముందుగదిలో పెద్దసూది ఎందుకో చాలాసేపు చట్రం దగ్గరే ఉండిపోయింది. చిన్నసూది గమనించలేదు. భోజనానికి వచ్చి కూర్చున్నాక ఆవిడ మొహం ఎలా ఉందో కూడా గమనించలేదు.

"చూశావుటే ఇవాళ్టిది?"

"చూశాను అత్తయ్యా, బావుంది."

"బావుందా?"

"బావుంది. తినండి, చల్లారిపోతోంది."

పెద్దసూది తనలో తను నవ్వుకుని, కూర మళ్ళీ వడ్డించమంది.

ఆవిడ పడుకున్నాక మేస్త్రీ వచ్చాడు. పొడుగాటి తీగ తూములోకి తోస్తూ, "ఏమ్మా, దీంట్లోకి బొంతలు గాని పడేశారా? దారాలే దారాలు" అన్నాడు. అతను తీసిన చెత్త చెత్తబుట్టలో వేయిస్తూ, ఒక కన్ను అతని మీద ఉంచాల్సి వచ్చింది. గోడపక్క సందులో దూరితే వంటిల్లు కనపడదు. పోనీ ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకుని, చిన్నసూది ఇటుపక్కనే కూర్చుంది. వంగి, అడుగున చివరి కుట్టు తెంపి, దారం పట్టుకుని లాగింది.

దారం మొత్తం ఒక్క లాగుడుకి వచ్చేసింది.

మిగతా రోజుల్లో అయితే రెండు కుట్లకోసారి చిక్కుపడి, తెంపి తెంపి తీయాలి. ఇవాళ వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. హమ్మయ్య, ఒక పని తేలికయిందని చిన్నసూది సంతోషించింది. ఆ దారాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి, గబగబా వరస కుట్టేసి, మేస్త్రీ కేకకి లేచి వెళ్ళింది. కుట్టిన భాగాన్ని చట్రం కర్రకి చుట్టడం కూడా మరిచిపోయింది.

సాయంత్రం కొడుకు ఇంకా చెప్పులు విప్పకముందే పెద్దసూది కర్ర పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"రారా, నీకో వస్తువు చూపిస్తా."

"ఏంటమ్మా, కొత్త ఫ్రిజ్ కొన్నావా? నాతో చెప్పకుండా?"

"నోరు మూసుకుని రా." ఆవిడ గొంతులో పాత పెద్దసూది ఉంది. వంటింట్లో అది విని చిన్నసూది ఎన్నాళ్ళకో నవ్వింది కూడా. "ఇదిగో, ఈ పచ్చగౌను ముక్క పక్క వరస. పొద్దున్న చెయ్యి మాట విందిరా. ఎందుకు విందో నాకే తెలీదు. సూది దానంతటదే పోయినట్టు పోయింది. మీ ఆవిడకి కూడా చెప్పలేదు, తనే చూసి అంటుందని."

చిన్నసూది చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

"అబ్బ, ఎంత బావుందమ్మా!" అన్నాడు కొడుకు. అతనికి కుట్టు సంగతి తెలియదు, తల్లి మొహం చూసి అన్నాడు. "పైవి కూడా ఇలాగే ఉన్నాయా? చుట్ట విప్పనా?"

"పైవి ఎందుకులే, అవన్నీ పెంట..."

అతను అప్పటికే విప్పేశాడు. ఒక వరస, దాని పైన ఇంకో వరస, దాని పైన ఇంకోటి. అన్నీ సుద్దగీత మీదే, అన్నీ ఒకే పొడుగు. పెద్దసూది వంగి చూసింది. ఒకదాని మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. ఇంకోదాని మీద నడిపింది. తరవాత పచ్చముక్క పక్క వరస దగ్గరికి వచ్చి, ఎడమచివర వేలితో నొక్కి వెతికింది. వేలు ఈ చివరనుంచి ఆ చివరకి జరిగి, కుడివైపు ఆగింది.

"ముడి ఇటుంది" అంది.

"ఎటుంటే ఏంటమ్మా..."

"ఏమే, ఇలా రా."

చిన్నసూది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదటినుంచీ అత్తయ్యా."

"అన్నీ?"

"అన్నీ."

పెద్దసూది తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. "ఇవాళ్టిది విప్పేముందు చూశావా?"

అబద్ధం ఆడటానికి కూడా దారి లేదు. చూశానంటే ఒక తప్పు, చూడలేదంటే ఇంకో తప్పు.

"చూడలేదు."

"భోజనం దగ్గర బావుందన్నావే."

కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"నువ్వు ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో నీ కుట్లు ఎన్నిసార్లు తీయించానే నేను?"

"చాలాసార్లు."

"ఎలా తీయించాను?"

"నా చేతే... మీ ఎదురుగా."

"మొహం మీదే చెప్పి, నీ చేతే తీయించాను. ముక్కుచీదుకుంటూ మళ్ళీ కుట్టావు. ఏనాడైనా నీ వెనక నీ పని ముట్టుకున్నానా?"

"మీరు మళ్ళీ తిండి మానేస్తారేమోనని భయపడ్డాను అత్తయ్యా. ఇంకేం తోచలేదు."

"అందుకని ఆడుకోవడానికిచ్చావు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బావుండుననిపించింది చిన్నసూదికి. "నేనేమో పనిచేస్తున్నాననుకుంటున్నా."

కర్ర చప్పుడు లోపలిగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ పూట పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది.

పొద్దున్నే, భర్త పనిసంచి సర్దుకుంటూ, "నాతో ఒక్క మాట చెప్పాల్సిందోయ్" అన్నాడు.

"చెబితే మీరేం చేసేవారు?"

అతను స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "విప్పమనేవాణ్ణే, నిజం చెప్పాలంటే. కానీ చూసి విప్పమనేవాణ్ణి."

"ఆ ముక్కే నేను రాత్రినుంచీ అనుకుంటున్నాను. మళ్ళీ మీరు కూడా అనక్కర్లేదు."

అతను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చిన్నసూది చెత్తబుట్ట తెచ్చి వాకిట్లో పాతకాగితం మీద బోర్లించింది. తూములోంచి తీసిన నల్లటి జిడ్డు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు. చేతులు పెట్టి కెలికింది. అడుగున, జిడ్డు అంటుకుని, ఆ దారపు ఉండ దొరికింది. దాన్ని సబ్బునీళ్ళలో ముంచాలని చెయ్యి పోయింది, ఆగిపోయింది. పొడిగుడ్డతో మెల్లిగా అద్ది, వెలుతురులో పట్టుకుంది. కుట్టులో ఉన్న దారానికి ఆ కుట్టు ఒంపులు మిగులుతాయి, ఉతికితే పోతాయి. ఈ దారం పొడుగునా ఒంపులు, ఈ చివరనుంచి ఆ చివరకి, దువ్వెన పళ్ళంత సమంగా ఉన్నాయి. పెద్దసూది అబద్ధం చెప్పలేదు. ఆ కాస్త దారం అరచేతిలో పెట్టుకుని చిన్నసూది వాకిట్లోనే కూలబడి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి చూపించింది. "ఇదిగో అత్తయ్యా. ఒక్క వంక లేదు. ఒకసారి వచ్చింది, మళ్ళీ వస్తుంది. ఈసారి నేను ముట్టుకోను. ఒట్టు."

పెద్దసూది దారంవైపు చూసింది. మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. తరవాత అది కూడా పోయింది.

"శ్రమ అనుకోకపోతే కొంచెం కిటికీ తలుపు వేస్తావా అమ్మా, ఎండ కళ్ళలో పడుతోంది."

చిన్నసూది కిటికీ తలుపు వేసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఆవిడ నోట "ఏమే", "ఒసేయ్", "మొద్దూ" తప్ప ఇంకో పిలుపు వినలేదు. పెళ్ళయిన కొత్తలో ఆ "ఏమే" వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ "అమ్మా" వినడం కన్నా చెంపదెబ్బ నయం. ఆనాటినుంచీ అదే వరస. "కాస్త మంచినీళ్ళు ఇస్తావా అమ్మా." "నీకు వీలైనప్పుడే లేమ్మా." పరాయి ఇంట్లో నాలుగు రోజులుండటానికి వచ్చిన మనిషిలా, దేనికీ వంక పెట్టకుండా, ఎవరికీ బరువు కాకుండా. మందులు మింగడానికి రెండు ముద్దలు తినేది. అంతే. ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా మాట లేదు. చిన్నసూది ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు మానేసింది. "బావుందమ్మా" అంది పెద్దసూది.

ఆ మాట ఎక్కడ నేర్చుకుందో చిన్నసూదికి తెలుసు.

మందులషాపావిడ బొంత కోసం వచ్చింది. చిన్నసూది చివరి వరసలు కుట్టి, అంచు మడిచి, ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంచింది. ఆవిడ విప్పి కుర్చీ మీద పరచి, ముక్కలు గుర్తుపట్టి మురిసిపోయింది. "ఇది చిన్నది బడికెళ్ళిన మొదటిరోజు వేసుకుంది... ఇది పెద్దది చెట్టెక్కి చింపుకుంది. అబ్బ, ఏం కుట్టండీ! జబ్బుచేసినా మీ చెయ్యి చెయ్యే పెద్దసూదిగారూ."

పెద్దసూది గుమ్మంలో కర్ర మీద వాలి నిలబడి ఉంది.

"నాది కాదండీ. దాంట్లో నా కుట్టు ఒక్కటి కూడా లేదు. అంతా మా కోడలే."

"చూశారా, ఎంత మంచితనమో! ఏ అత్తగారు చెబుతారండీ ఇలా?" అని ఆవిడ చిన్నసూది భుజం తట్టింది. "నువ్వు పెట్టిపుట్టావమ్మాయ్."

చిన్నసూది నవ్వాల్సి వచ్చింది. వచ్చినావిడ వెళ్ళేదాకా ఆ నవ్వు మొహానికి అతికించినట్టు ఉండిపోయింది. కింద తలుపు చప్పుడయ్యాక, ఖాళీ చట్రం పక్కన కూర్చుని, "అత్తయ్యా, తిట్టండి. మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి తిట్టండి" అంది.

"ఎందుకమ్మా తిట్టడం? ఉన్నమాటే చెప్పాను" అని పెద్దసూది నెమ్మదిగా లోపలికి తిరిగింది. "ఆ చట్రం తీసేస్తే నడవడానికి దారి ఉంటుంది. వీలు చూసుకుని."

చిన్నసూది చట్రం కర్రలు విడదీసి, తాడుతో కట్టి, బీరువా వెనక నిలబెట్టింది. వ్యాయామం అమ్మాయి వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర, "వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయి ఆంటీ. మధ్యలో ఎంత బాగయ్యాయి! కుట్టడం ఎందుకు ఆపించారు?" అని అడిగింది. డాక్టరు దగ్గరికెళ్తే ఆయన బరువుచూసి పెదవి విరిచాడు. ఇంట్లో ఇంకేం చేయాలో తోచక చిన్నసూది ఉన్నవన్నీ సర్దింది. వంటింటి డబ్బాలు దింపి కడిగి ఎక్కించింది. పక్కదుప్పట్లు ఎండేసి మడతపెట్టింది. సర్దడానికి ఏమీ లేకపోతే సర్దినవే మళ్ళీ సర్దింది. చేతులు ఆగితే బుర్ర మొదలయ్యేది.

అలా ఒక పూట, కూరగాయలు తెచ్చి వంటింట్లో పెట్టి, గుడ్డల బీరువా తెరిచింది. తెల్లగుడ్డల దొంతరలో ఒకదాని మడత అంచు ఎడమవైపుకి ఉంది.

ఆ బీరువాలో చెయ్యిపెట్టేది తనొక్కతే. భర్తకి అందులో ఏముందో కూడా తెలియదు. చిన్నసూది ఆ ముక్కని లాగి విప్పింది. ఉత్త తెల్లగుడ్డ, ఏమీ లేదు. తిరిగి మడవబోతుంటే కిటికీ వెలుతురు దాని వెనకనుంచి పడింది.

గుడ్డనిండా కన్నాలు.

సన్నటి, సూదిమొనంత కన్నాలు. నేత దగ్గరగా ఉన్న గుడ్డలో సూది దిగిన చోటు దారం తీసేసినా, నీళ్ళలో ముంచేదాకా పూడదు. ఒక వరస, దాని కింద ఇంకో వరస, దాని కింద ఇంకోటి. ఒక్క దారప్పోగు లేదు. తను బజారుకెళ్ళినప్పుడల్లా అత్తగారు కుట్టి, తను మెట్లెక్కేలోపల ఎవరి కంటా పడకుండా ఆవిడే విప్పేసుకుంటోంది. ఆ చేత్తో సూదిలో దారం ఎలా ఎక్కిస్తోందో! పళ్ళతో పట్టుకుంటోందో, సూదిని పరుపుకి గుచ్చి ఎక్కిస్తోందో. ఎంతసేపు పడుతోందో! విప్పిన దారాలు ఎక్కడ దాస్తోందో!

చిన్నసూది కళ్ళతో వరసలన్నీ చదివింది, పైనుంచి కిందికి. ఏదైనా ఒక్కటి, పచ్చముక్క పక్కదానిలా, తిన్నగా ఉంటుందేమోనని. లేదు. అన్నీ వంకరే. అడుగునున్న ఆఖరు వరస మొదటిదానికన్నా వంకర. ఆ రోజు ఆ చెయ్యి ఒక్కసారి మాట విందేమో, ఇక వినదేమో. ఆ ఒక్కసారినీ తను చూడలేదు. చూసిన మనిషి ఈ లోకంలో పెద్దసూది ఒక్కతే.

లోపలిగదిలో మంచం కిర్రుమంది. చిన్నసూది చెయ్యి దానంతటదే సూదులపెట్టె మీదికి వెళ్ళింది. రెండు మూడు సూదుల్లో దారాలెక్కించి, మరిచిపోయినట్టు అక్కడే వదిలేస్తే... పెట్టె మూత సగం తెరిచింది. ఇదీ మళ్ళీ ఆవిడ వెనక చేసే పనే కదా అని తోచి, మూసేసింది.

గుడ్డని మడిచింది. అలవాటుకొద్దీ అంచు కుడివైపుకి వచ్చింది. విప్పి, ఎడమవైపుకే మడిచి, ఎక్కడినుంచి తీసిందో అక్కడే దూర్చింది. దొంతరలో అది పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. బీరువా తలుపు మూసింది.

"అత్తయ్యా, ఉప్పు అయిపోయింది. బజారుకెళ్ళొస్తా" అంది, గుమ్మంలోంచే.

"ఇప్పుడేగా వచ్చావమ్మా?"

"మరిచిపోయాను. ఆలస్యమవుతుంది, అక్కడ జనం ఎక్కువ."

లోపల మంచం మళ్ళీ కిర్రుమంది. "సరే" అంది పెద్దసూది. చివర "అమ్మా" అనలేదు. మరిచిపోయిందో, కావాలనే అనలేదో, చిన్నసూదికి అర్థంకాలేదు.

సంచి తీసుకుని, తలుపు చప్పుడయ్యేలా గట్టిగా వేసి, మెట్లు దిగింది. కింది మలుపు దగ్గర ఆగిపోయింది. బజారులో పనేమీ లేదు. వంటింట్లో ఉప్పుడబ్బా నిండుగా ఉంది. ఖాళీసంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

కిందింటి పిన్నిగారు తలుపు తెరిచి, తల బయటపెట్టి చూసింది. "ఏంటే చిన్నసూదీ, ఇక్కడ కూర్చున్నావు? అత్త గెంటేసిందా?"

"అవును పిన్నిగారూ."

"ఇన్నాళ్ళకి గెంటిందన్నమాట. మరి ఎప్పుడు రానిస్తుందిట?"

చిన్నసూది పైమెట్లవైపు చూసింది. పైన ఏ చప్పుడూ లేదు.

"తెలీదు" అంది. "కాసేపు ఇక్కడే ఉంటాను."